మాటకీ అంటు ఉంటుందా? (ఉక్కునగరం కబుర్లు – 17)

ప్లాంటు భూముల కథ కొనసాగిస్తానని పోయిన వారం చెప్పాను. ఆ కథ ఎక్కడికీ పోదు, యాభై ఏళ్ళుగా అక్కడే ఉంది. మధ్యలో ఇంకో సంగతి వచ్చి పడింది. ముందు ఇది రాయాలి.

మా అప్ప కూతురు వడ్లపూడి దగ్గర నిర్వాసితుల కాలనీలో ఉంటుంది. దానికి మూడున్నరేళ్ళ పాప. ఈ జూన్‌లో ఒక ప్రైవేటు బడిలో నర్సరీలో వేశారు. బడి పేరు ఎందుకులెండి, ఆ మాట అనే బళ్ళు చాలానే ఉన్నాయి. మొదటి పేరెంట్స్ మీటింగులో మేడం చెప్పిందట: ఇంట్లో మీ యాసలో పాపతో మాట్లాడకండి, ఇంగ్లీషులో మాట్లాడండి, రాకపోతే ఫోనులో రైమ్స్ పెట్టండి అని. మా పిల్ల టెన్త్ వరకు చదివింది. ఇంగ్లీషు రాదు. మంచి తెలుగు కూడా రాదని దాని నమ్మకం. అందుకని ఏం చేసిందో తెలుసా? పాపతో మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతుంది, స్నానం చేయిస్తుంది, ఫోను చేతికిస్తుంది. మాట మాత్రం లేదు.

"మరేటి సెయ్యమంటావు మావయ్యా, నా మాటలు దానికి అంటుకుంటాయంట" అంది.

అంటుకుంటాయంట. ఆ మాట దగ్గర నాకు నోరు పెగల్లేదు. మా తాత నీడ అంటుకుంటుందన్నారు. మా అమ్మ ముట్టుకున్న నీళ్ళు అంటుకుంటాయన్నారు. ఇప్పుడు కన్నబిడ్డకి తల్లి మాట అంటుకుంటుందట.

నాకు మాత్రం ఇది కొత్త కాదు. 1988లో నాకు పదేళ్ళు. మా అయ్యకి ఆర్ కార్డు మీద ప్లాంటులో ఖలాసీ ఉద్యోగం వచ్చింది, సెక్టార్‌లో చిన్న క్వార్టర్ వచ్చింది. ఊళ్ళో మాలపేట నుంచి సిమెంటు మేడల మధ్యకి వచ్చి పడ్డాం. క్వార్టర్‌లో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తుంటే మా అమ్మ మొదటి రోజంతా తిప్పుతూనే ఉంది. ఆ సంవత్సరం క్లాసులో సారు నన్ను లేపి పాఠం చదవమన్నారు. "చెప్పెను" అని ఉన్నచోట "సెప్పెను" అన్నాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ "సెప్పెను" అన్నాను. క్లాసంతా నవ్వు. "వీళ్ళ నాలుకలు మొద్దు, తిరగవు" అన్నారు సారు. కోపంగా కూడా అనలేదు, డాక్టరు జబ్బు పేరు చెప్పినట్టు చెప్పారు. ఆ రోజు నుంచి చాలాకాలం నేను క్లాసులో నోరు విప్పలేదు. చ అక్షరం ఉన్న మాట వస్తుందేమోనని ముందే లెక్కేసుకుని తప్పించుకునేవాడిని. చదువు అనాల్సి వస్తే "స్టడీస్" అనేవాడిని. నా ఇంగ్లీషు అభిమానం అలా మొదలైంది!

ఇరవై ఏళ్ళ తరవాత ఒక రాత్రి షిఫ్టులో నాకే తట్టింది. మేము చెప్పు అనం, సెప్పు అంటాం. చూడు అనం, సూడు అంటాం. చేను సేను, చింత సింత, చదువు సదువు. సరే. మరి పచ్చడిని మేము పస్సడి అంటామా? వచ్చినాడు అనడానికి వస్సినాడు అంటామా? మంచాన్ని మంసం అంటామా? ఎప్పుడూ అనలేదు. మా అమ్మమ్మ అనలేదు, బడి గుమ్మం తొక్కని మా పెదనాయన అనలేదు. మాట మొదట్లో ఒంటరి చ వస్తే స అవుతుంది. జంటగా చ్చ వస్తే మారదు. ముందు సున్నా ఉంటే మారదు. మంచి, కంచం, పచ్చడి, పిచ్చి అన్నీ చక్కగా చ తోనే పలుకుతాం. పచ్చడి అనగలిగిన నాలుక మొద్దు ఎలా అవుతుంది? ఇది నాలుక తిరగకపోవడం కాదు, ఒక నియమం. సారు వ్యాకరణంలో సంధి సూత్రాలు ఎంత కచ్చితమో ఇదీ అంతే కచ్చితం. తేడా ఏంటంటే, సంధులు ఆయన బెత్తంతో బట్టీ పట్టించారు. దీన్ని మాకు ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళ వయసుకి అందరికీ వచ్చేసింది.

అసలు ప్రశ్న ఇక్కడుంది. ఎవరూ నేర్పని నియమం పిల్లలకి ఎలా వస్తుంది?

గత శతాబ్దంలో దీని మీద పెద్ద గొడవే జరిగింది. 1957లో అమెరికాలో స్కిన్నర్ అనే మానసిక శాస్త్రవేత్త ఒక పుస్తకం వేశాడు. ఆయన చెప్పింది మన బెత్తం సార్లకి బాగా నచ్చే మాట. పిల్లవాడు మాట అంటాడు, సరిగ్గా అంటే మెప్పు దొరుకుతుంది, ఆ మాట నిలబడుతుంది. భాష అంటే అలవాట్ల మూట. రెండేళ్ళ తరవాత 1959లో చామ్‌స్కీ అనే కుర్ర భాషా శాస్త్రవేత్త ఆ పుస్తకానికి సమీక్ష రాసి దాన్ని చీల్చి చెండాడాడు. పిల్లలు విన్నది తిరిగి అప్పజెప్పరు, ఎన్నడూ వినని వాక్యాలు కడతారు, లోపల ఏదో వ్యాకరణం కట్టుకుంటున్నారు అన్నది వాదన. చామ్‌స్కీ తరవాత చెప్పిన వాటన్నిటినీ అందరూ ఒప్పుకోలేదు. వ్యాకరణం పుట్టుకతో వచ్చేది కాదు, విన్న మాటల్లోంచి పిల్లలే పోగు చేసుకుంటారు అనే బలమైన పక్షం ఉంది. కానీ పిల్లలు చిలకలు కారన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

రుజువు కావాలా? 1958లో జీన్ బెర్కో అనే ఆమె పిల్లలకి ఒక బొమ్మ చూపించింది. లోకంలో లేని జంతువు, లేని పేరు, "వగ్". ఇప్పుడు ఇలాంటివి రెండున్నాయి, ఏమంటారు అని అడిగింది. పిల్లలు బహువచనం చేసి చెప్పారు. ఆ మాట వాళ్ళు ఎన్నడూ వినలేదు, వినే అవకాశమే లేదు. మా మేనకోడలి పాప ఇంకా గొప్పగా చేసింది. "తాతా, మా ఈదిలో ఎన్ని ఇల్లులో!" అంది ఒకరోజు. ఇల్లులు! ఆ ఇంట్లో ఎవరూ ఇల్లులు అనరు, ఇళ్ళు అంటారు. మరి ఎక్కడ విన్నది? వినలేదు. బస్సులు, బొమ్మలు, కుర్చీలు విని, చివర లు చేర్చాలని తనే తేల్చుకుంది. పన్నులు అని కూడా అంటుంది, నోట్లో పళ్ళకి. మేడం దీన్ని తప్పు అంటుంది. నాకైతే ఆ తప్పులో ఒక చిన్న శాస్త్రవేత్త కనిపిస్తుంది.

మరి మా పిల్లలకి భాష లేదన్న మాట ఎక్కడ పుట్టింది? ఊళ్ళో అగ్రహారం నుంచి మాత్రమే కాదు, యూనివర్సిటీల నుంచి కూడా వచ్చింది. 1960లలో అమెరికాలో నల్లజాతి పిల్లలు బళ్ళలో వెనకబడుతున్నారు. ఎందుకని వెతికితే కారణాలు కళ్ళ ముందే ఉన్నాయి. పాత బడి, వేరు బడి, చూసే చూపు. అవి వదిలేసి కొందరు నిపుణులు పిల్లల నోట్లోకి చూశారు. 1966లో బెరైటర్, ఎంగెల్‌మన్ అని ఇద్దరు రాశారు: పేద పిల్లలు భాషే లేనట్టు బడికి వస్తున్నారు, వాళ్ళ మాటలకి తర్కం లేదు, మొదటి నుంచీ నేర్పాలి అని. ఇంగ్లండ్‌లో బేసిల్ బెర్న్‌స్టీన్ శ్రామిక కుటుంబాల మాట తీరు ఒకటి, మధ్యతరగతి మాట తీరు ఇంకొకటి అని సిద్ధాంతం కట్టాడు. ఆయన్ని తిట్టడం నాకిష్టం లేదు. లండన్ తూర్పు పేటలో యూదు కుటుంబంలో పుట్టినవాడు. నా సిద్ధాంతాన్ని పేద పిల్లల లోపంగా చదవకండి, సమాజం చేసిన తప్పుని బడి సరిదిద్దలేదు అని 1970లో ఆయనే మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? లోపం పిల్లల్లో ఉందంటే అందరికీ హాయి.

దీనికి జవాబు చెప్పినవాడు విలియం లబోవ్. 2024 డిసెంబరులో పోయాడు. న్యూయార్క్ నల్లజాతి పేట హార్లెమ్‌లో పిల్లల మాటల్ని రికార్డు చేశాడు. అక్కడ లియాన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడి కథ ఉంది. ఇంటర్వ్యూ చేస్తే ఒక ముక్క, రెండు ముక్కలు, ఆ తరవాత మౌనం. అడిగింది తెల్లవాడు కాదు. హార్లెమ్‌లోనే పెరిగిన నల్లజాతి మనిషి, క్లారెన్స్ రాబిన్స్. అయినా లియాన్ మాట్లాడలేదు. మన పేటకి మన కులం ఆఫీసరే ఫైలు పట్టుకుని వచ్చినా పిల్లలు బిగుసుకుపోతారు కదా, అలాగే. రెండోసారి రాబిన్స్ ఆలూ చిప్స్ పొట్లం తెచ్చాడు. లియాన్ స్నేహితుడు గ్రెగరీని కూడా తీసుకొచ్చాడు. కుర్చీ వదిలేసి నేల మీద కూర్చున్నాడు. బడిలో అనకూడని మాటలు తనే నాలుగు అన్నాడు. అంతే, ఇద్దరు పిల్లలూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు. భాష లేని పిల్లవాడు ఒక్క మధ్యాహ్నంలో వాగుడుకాయ అయిపోయాడా? భాష ముందే ఉంది. మాట్లాడితే దెబ్బ తగులుతుందని తెలిసిన తెలివి కూడా ఉంది. 1969లో లబోవ్ రాసిన ఆ వ్యాసం చదివినప్పుడు నాకు నా పదేళ్ళ మౌనం గుర్తొచ్చింది. నల్లజాతి ఇంగ్లీషుకి తనదైన కచ్చితమైన వ్యాకరణం ఉందని అందులో చూపించాడు, మా పచ్చడి లాగే. పదేళ్ళకి, 1979లో, ఆన్ ఆర్బర్ ఊరి నల్లజాతి తల్లులు కేసు వేస్తే, పిల్లల ఇంటి భాషని బడి పట్టించుకుని తీరాలని జడ్జి తీర్పిచ్చాడు. ఆ కేసులో లబోవ్ సాక్ష్యం చెప్పాడు.

అయినా ఆ దయ్యం వదల్లేదు. 1995లో హార్ట్, రిస్లీ అనే ఇద్దరు ఇంకో లెక్క తెచ్చారు. పేద పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి ఉన్నవాళ్ళ పిల్లల కంటే 3 కోట్ల మాటలు తక్కువ వింటారట. ప్రపంచమంతా మోగిపోయింది. వాళ్ళు చూసింది మొత్తం 42 కుటుంబాలు. అందులో ప్రభుత్వ సాయం మీద బతికేవి 6. ఆరిళ్ళలో ఒక పరిశోధకుడు నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే ఆ తల్లి ఎంత మాట్లాడుతుంది? 2018లో స్పెర్రీ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ ఐదు చోట్ల మళ్ళీ చూశారు. ఒకే తరగతి ఇళ్ళ మధ్యే బోలెడు తేడా ఉంది. తల్లి నేరుగా అన్న మాటలే కాక చుట్టూ వినపడే మాటలు కూడా లెక్కేస్తే ఆ పెద్ద అగాధం నిలబడలేదు. మన పేటల్లో బిడ్డ ఎప్పుడూ ఎవరో ఒకరి చంకలో ఉంటుంది. బోరింగు దగ్గర తగువు వింటుంది, చావింట్లో ఏడుపు పాట వింటుంది. దాన్ని ఎవరు లెక్కేశారు? అలాగని పిల్లలతో నేరుగా మాట్లాడక్కర్లేదని నేను అనడం లేదు. మాట్లాడితే మాటలు పెరుగుతాయని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. మా మేనకోడలి మౌనం నన్ను భయపెట్టింది అందుకే.

ఇక్కడ నాకు ఇష్టమైన మనిషి గురించి చెప్పాలి. మా చిన్నప్పుడు ఉక్కునగరంలో రష్యన్లు ఉండేవారు. ప్లాంటు సోవియట్ సాయంతో కట్టింది కదా, వాళ్ళ ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చారు. ఆ పిల్లలకి మన మాట రాదు, మాకు వాళ్ళ మాట రాదు. గోళీలాట మాత్రం ఆడేశాం. ఆ దేశం పుస్తకాలు అప్పుడు చవగ్గా దొరికేవి. చాలా తరవాత ఇంగ్లీషులో లెవ్ వైగోట్‌స్కీని చదివాను. 1896లో పుట్టిన యూదుడు. జారు కాలంలో మాస్కో యూనివర్సిటీలో యూదులకి 3 శాతమే సీట్లు. బంగారు పతకం తెచ్చుకున్నా 1913లో లాటరీలో పేరు తగిలితేనే సీటు వచ్చింది. మెరిట్ గురించి మనకి పాఠాలు చెప్పేవాళ్ళకి ఈ ముక్క చెప్పండి. 1934లో, 37 ఏళ్ళకే, క్షయతో పోయాడు. రెండేళ్ళకి పార్టీ ఆ శాస్త్రం మీదే వేటు వేసింది. ఆలోచన, భాష గురించిన ఆయన పుస్తకం మళ్ళీ అచ్చవడానికి 1956 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆయన చెప్పింది ఇది. చిన్నపిల్లలు ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకుంటారు, చూసే ఉంటారు. జెనీవాలో పియాజే 1923లో దీని గురించి రాశాడు. పిల్లవాడు ఇంకా తన లోకంలోనే ఉన్నాడు, ఎదిగేకొద్దీ ఈ గొణుగుడు పోతుంది అన్నాడు. వైగోట్‌స్కీ ఒప్పుకోలేదు. పోదు, లోపలికి వెళుతుంది అన్నాడు. మొదట అమ్మతో, అక్కతో, పక్కింటివాళ్ళతో అన్న మాట, తరవాత తనతో తాను పైకి అనుకునే మాట, ఆఖరికి పెదవి కదలని మాట. దాని పేరే ఆలోచన. అంటే మనం తలలో ఆలోచించేటప్పుడు వాడే సరుకు ఒకప్పుడు ఎవరో మనతో ఆడిన మాటే. ఇప్పుడు చెప్పండి, తల్లి నోరు మూయిస్తే బిడ్డ లోపలికి ఏం వెళుతుంది? ఫోనులో రైమ్ ప్రశ్న అడగదు. జవాబు చెబితే వినదు. "ఎందుకే అలా ఏడుస్తన్నావు?" అని అడగదు.

వైగోట్‌స్కీ మనుషులు కూడా తప్పటడుగు వేశారు, అదీ చెప్పాలి. ఆయన మిత్రుడు లూరియా 1931, 32లలో ఉజ్బెకిస్తాన్ వెళ్ళి చదువురాని రైతుల్ని పొడుపుకథ లాంటి ప్రశ్నలు అడిగాడు. దూర ఉత్తరాన మంచు ఉండేచోట ఎలుగుబంట్లన్నీ తెల్లవి, ఫలానా ఊరు ఉత్తరాన ఉంది, అక్కడి ఎలుగులు ఏ రంగు? నేను చూడలేదు, చూసినవాళ్ళని అడగండి అన్నారు కొందరు. చదువు లేనివాళ్ళ ఆలోచన కంటికి కనిపించే దాన్ని దాటి పోవడం కష్టమని లూరియా తేల్చాడు. మా అమ్మమ్మని అడిగినా అదే జవాబు చెప్పేది. తర్కం రాక కాదు. ఊళ్ళోకి పుస్తకం పట్టుకుని వచ్చిన కొత్త మనిషికి, చూడని సంగతి చూసినట్టు చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కరణం రాసుకున్న దాని మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నవాళ్ళు ఆమె చుట్టూ ఉన్నారు. చూడలేదు, తెలియదు అనడం మా జనం నేర్చుకున్న లా. తరవాత లైబీరియాలో స్క్రిబ్నర్, కోల్ చేసిన పని 1981లో అచ్చయింది. అక్కడ వాయ్ జనానికి సొంత లిపి ఉంది, బడితో పని లేకుండా నేర్చుకుంటారు. అక్షరం వచ్చినంత మాత్రాన ఆ పొడుపు ప్రశ్నల జవాబులు పెద్దగా మారలేదు. బడికి వెళ్ళినవాళ్ళ జవాబులే మారాయి. ఆ ప్రశ్నలు బడి ఆట. ఆట నియమాలు తెలిసినవాడు గెలుస్తాడు.

మన నేల మీదికి వద్దాం. ఈ మాట ముందే పట్టుకున్న పెద్దాయన మన ఉత్తరాంధ్ర మనిషే, గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో టీచరు. సవర వాళ్ళ దగ్గర సవర భాష నేర్చుకున్నాడు. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నాడు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాశాడు, సొంత డబ్బుతో బళ్ళు నడిపాడు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఒక బ్రాహ్మణ పంతులు కొండవాళ్ళ భాషకి వ్యాకరణం ఉందని నిరూపించడానికి జీవితం పెట్టాడు, దానికి నా దండం. 1906 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర, విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు కలిసి బడి తెలుగు మీద లేపిన పోరాటమే వ్యావహారిక ఉద్యమం. పిల్లలకి ఎవరికీ రాని తెలుగులో చదువు చెబుతున్నారు అన్నదే వాళ్ళ ఫిర్యాదు.

కానీ మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గ్రాంథికం పోయి వచ్చింది ఏంటి? శిష్ట వ్యావహారికం. శిష్టులంటే ఎవరు? చదువుకున్న పై కులాల వాళ్ళు. సవరలకి సవర తెచ్చిన ఉద్యమం మాలపేటకి మాలపేట తెలుగు తేలేదు. చెప్పెను పోయి చెప్పాడు వచ్చింది. సెప్పినాడు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 32 మంది ప్రాణాలిచ్చారు. 64 ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళు సెప్పు అనే ఊళ్ళు. ఆ నేల మీద లేచిన టౌన్‌షిప్ బళ్ళలో చెప్పు అనని పిల్లవాడు మొద్దు. 2004లో మన రాష్ట్రం ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది, మంచి పని. తెలుగే మాట్లాడే మా పిల్లల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. మాదీ తెలుగే కదా అని.

ఇంగ్లీషు సంగతి వదిలేస్తున్నావేంటి అని కొందరు అడుగుతారు, తెలుసు. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం అని జీవో వచ్చినప్పుడు నేను సంతోషించినవాడినే. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో అమ్మ భాష, అమ్మ భాష అని కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దమనుషుల మనవలు ఏ మీడియంలో ఉన్నారో మనకి తెలుసు. మా పిల్లలకి ఇంగ్లీషు కావాలి. ఆ మాట వెనక్కి తీసుకోను. అయితే ఇంగ్లీషు వేరు, తల్లి నోరు మూయించడం వేరు. మొదటి భాషలో గట్టిపడిన చదువు రెండో భాషలోకి నడుస్తుందని కెనడాలో జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతున్నాడు. మా సెక్టార్‌లో ఒడియా పిల్లలు, బెంగాలీ పిల్లలు ఆరు నెలల్లో మా తెలుగు పట్టేసేవారు, "ఏట్రా" అనడంతో సహా. వాళ్ళ అమ్మలు ఇంట్లో ఒడియా మానలేదు, బెంగాలీ మానలేదు. ఎవరి బుర్రా పాడవలేదు. అందులో ఇద్దరు ఇప్పుడు నా పై ఆఫీసర్లు.

ఇదంతా మా మేనకోడలికి ఫోనులో చెప్పడం మొదలుపెట్టాను. స్కిన్నర్ దగ్గరే "మావయ్యా, బియ్యం పొంగిపోతన్నాయి" అని పెట్టేసింది. అందుకే ఆదివారం నేనే వెళ్ళాను. పచ్చడి సంగతి ఒక్కటే చెప్పాను. రెండు మూడుసార్లు తనలో తాను అనుకుని చూసుకుంది. పచ్చడి, సదువు, మంచం, సేను. "ఓలమ్మ, నిజమే" అంది. నవ్వలేదు. చాలాసేపు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. "మరి బళ్ళో ఆ మేడంకి నానేటి సెప్పాల?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వచ్చే మీటింగుకి నేనూ వస్తానన్నాను.

ఈలోగా పాప వీధిలోంచి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆ గేటు కాడికి ఎన్ని ఇల్లులో!" మా పిల్ల నోరు తెరిచింది, మేడం చెప్పినట్టు మూసుకోబోయింది, నా వైపు చూసింది.

"ఎన్నో నువ్వే లెక్కెట్టి సెప్పే" అంది.

జై భీమ్. భూముల కథ వచ్చే వారం.